ఆఖరి సైకిలు

నిన్న, బతుకుదెరువుకు వలస వచ్చి మేముంటున్న గోడాదరా సందులో ఒకావిడ బ్యాటరీ సైకిలు మీద నా పక్కనుంచి వెళ్ళింది. సన్నగా గుయ్‌మన్న ఆ మోటారు చప్పుడు చెవిన పడగానే తడిసిన కొండమట్టి వాసన తగిలినట్టయింది. దాని వెనకే లస్మక్క గుర్తొచ్చింది.

లస్మక్క మా పక్కింటావిడ. చీరలకు రాళ్ళు అతికించే పని నాకు నేర్పింది ఆమే, పెళ్ళయ్యాక సైకిలు నేర్పిందీ ఆమే. కరోనాకు మగ్గాలు ఆగి అందరం ఇళ్ళలో ముడుచుకున్న ఏడాది, రోడ్లు తెరిచీ తెరవగానే మా గల్లీలో ఆడా మగా అందరినీ సైకిళ్ళెక్కించింది. యాభై దాటిన మనిషి కుచ్చెళ్ళు దోపి తొక్కుతుంటే నవ్వినవాళ్ళే నెల తిరక్కుండా ఆమె వెంట పడ్డారు. ఆదివారాలు సైకిళ్ళను టెంపోలో వేసుకొని డాంగ్ కొండలకు వెళ్ళేవాళ్ళం. అక్కడి మట్టిబాట ఊరివాళ్ళది. గడ్డిమోపులతో ఆడవాళ్ళు నడుస్తుంటారు. అందుకని కొండమీదికి మోటారు రాకూడదని లస్మక్క కట్టుబాటు పెట్టింది. ఇంకో అలవాటూ ఉండేది. ఆఖరి మనిషి పైకి చేరేదాకా తినడానికి కాల్చి తెచ్చుకున్న సర్వపిండి మూట విప్పేవాళ్ళం కాదు. ఆ ఆఖరి మనిషి ఎప్పుడూ లస్మక్కే. వయసు మీదపడి వెనకబడుతోంది పాపం అనుకునేవాళ్ళం.

రెండో విడత కరోనా నన్ను పట్టుకుంది. ప్రాణం దక్కింది కానీ మునుపటి ఊపిరి తిరిగి రాలేదు. కోలుకున్నాక మొదటిసారి వెళ్ళిన రోజు సగం కొండ సైకిలు నెట్టుకుంటూ ఎక్కాను. లస్మక్క నా వెనకే నడిచింది. పైన అందరూ ఆకలితో కూర్చున్నారు. నా కోసం మూట కూడా విప్పలేదు. అదే నన్ను ఎక్కువ కోసింది. ఇక రానని తేల్చేశాను. ఆ కొండ కూడా పోతే నాకు మిగిలేది నాలుగు గోడలూ మందుబిళ్ళలూనే అని తెలిసీ రానన్నాను.

మా ఆయన చూడలేక ఎక్కడో వెతికి పాత బ్యాటరీ సైకిలు తెచ్చాడు. మనం తొక్కితేనే దాని మోటారు సాయపడుతుంది, కాలు ఆపితే అదీ ఆగుతుంది. టెంపో దగ్గర దాన్ని చూసి, మాలో అందరికంటే జోరుగా తొక్కే నర్సయ్య మామ అడ్డం తిరిగాడు.

"ఏందక్కా గిది? మోటార్ వద్దని నువ్వే అంటివి. ఇయ్యాల గిది తెచ్చిండ్రు, రేపు బండి తెస్తరు!"

"నువ్వన్నది నిజమే తమ్మీ. జర ఆగు, చూసినంక చెప్త," అంది లస్మక్క.

కొండ కింద ఆ సైకిలు తానే ఎక్కింది. గడ్డిమోపుతో ఎక్కుతున్న ఒక ముసలమ్మ వెనక మెల్లగా కొంతదూరం తొక్కి, దిగి, ఆమెతో గుజరాతీలో మాట్లాడి వచ్చింది.

"గీ సైకిల్‌తోని ఆమెకు భయం లేదంట. తమ్మీ, నువ్వు దిగేటప్పుడు ఉరికొస్తవ్ చూడు, గప్పుడు మోపుతోని పొదలల్లకు జరుగుతున్నదంట. ఇగ మోపు కనవడితే అందరు దిగి నడువుండ్రి. మోటార్ ఉన్నోళ్ళు, లేనోళ్ళు, అందరు."

నర్సయ్య మామ ముఖం మాడ్చుకునే సరేనని తలూపాడు. తాను పెట్టిన కట్టుబాటును అందరి ముందూ తానే మార్చుకోవడానికి ఎంత పెద్ద మనసు కావాలో! నాకు మాత్రం అప్పుడు సంబరం తప్ప మరేం తోచలేదు. అంతలో ఆమె నా వైపు తిరిగింది.

"పద్మా, నువ్వు అందరి ఎన్క రావాలె."

నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "ఇప్పుడు గూడ తోకకేనా అక్కా నేను?" అన్నాను.

"పిచ్చిదానా, ఆఖరికుండేది అలిసినోళ్ళు గాదే. ఎవలన్న కూలవడితే లేవట్టనీకి ఎన్క ఒకలకు బలం మిగలాలె. గిన్నొద్దులు నేను మిగిలించుకున్న. ఇగ నీ సైకిల్ మిగిలిస్తది."

అప్పటికి గాని ఆమె మాకు అర్థం కాలేదు. ఎవరూ ఆఖరివాళ్ళు కాకూడదనే ఇన్నాళ్ళూ ఆఖరికి ఉండిపోయింది. ఆ రోజు మొదటిసారి లస్మక్క నా ముందు తొక్కుతూ కొండ ఎక్కింది.

ఇప్పుడామె సిరిసిల్లలో తమ్ముడి దగ్గర ఉంటోంది. మేం ఇంకా కొండకు వెళ్తూనే ఉన్నాం. నేను ఎవరినీ దాటను. ఒక్కోసారి కొత్తగా వచ్చినావిడ ఎవరో సగం దారిలో రొప్పుతూ దిగి, "మీరు పోండ్రి అక్కా, నా వల్ల అందరికి లేటైతది," అంటుంది.

నేనూ దిగుతాను.

"ఆఖరు నువ్వు గాదు చెల్లే," అంటాను. "నేను."