బాతుగాడి గొంతు

పోయిన నెల ఒకనాటి పొద్దున మావాడు ఆఫీసుకు వెళ్తూ, గుమ్మంలో ఒక కాలికి బూటు వేసుకుని రెండో బూటు కోసం వెతుక్కుంటూ, "ఏమ్మా, బాతుగాడి కొత్త సీజన్ ఎలా ఉంది?" అని అడిగాడు. అరవై దాటి, బడిలో లెక్కలు చెప్పి చెప్పి రిటైరై, మోకాళ్లకు నూనె రాసుకుంటూ కూర్చున్న మనిషిని అడగవలసిన ప్రశ్నేనా అది? కానీ మా ఇంట్లో అది ఎండల గురించి అడిగినంత మామూలు ప్రశ్న. చిన్నప్పుడు వాడు ఇదే మాట వాళ్ల నాన్నమ్మను అడిగేవాడు. ఆవిడ తీర్పు చెప్పేది. ఈసారి ఆవిడ తీర్పు చెప్పలేదు కనుక నన్ను అడిగాడు. నేనేం చెప్పను? "బొమ్మలు బాగున్నాయిరా" అన్నాను. వాడికి అర్థమైపోయింది. రెండో బూటు మంచం కింద దొరికింది, వేసుకుని వెళ్లిపోయాడు.

బాతుగాడంటే ఎవరో తెలియనివారికి చెప్తాను. సాయంత్రం పూట పిల్లల చానల్లో వచ్చే బొమ్మల కార్యక్రమం అది. అసలు పేరేదో ఇంగ్లీషులో పొడుగ్గా ఉంటుంది, మా ఇంట్లో ఎవరూ దాన్ని ఆ పేరుతో పిలిచిన పాపాన పోలేదు. ఎర్ర టోపీ పెట్టుకున్న బాతు ఒకటి. బాతై పుట్టి ఈత రాదు, అదీ చోద్యం. రోజూ ఎవరికో సాయం చేస్తానని బయల్దేరుతుంది, బావిలోనో కాలవలోనో, ఏదీ దొరక్కపోతే పాల గంగాళంలోనో పడుతుంది. పైకి తేలి, టోపీ పిండుకుని, "తడిశానంతే, మునగలేదు!" అని ఊరంతా వినబడేలా అరుస్తుంది. అంతే కథ. మావాడు ఒకటో తరగతిలో ఉండగా మొదలైంది. వాడికి పెళ్లయి, కూతురు పుట్టి, ఆ చిన్నది కూడా బడికి వెళ్తున్నా, ఆ బాతు ఇంకా నీళ్లలో పడుతూనే ఉంది. ఏ దేశం బాతో నాకు తెలియదు గానీ తెలుగులో దానికి గొంతు ఇచ్చినాయన మాత్రం ఇన్నేళ్లూ ఒక్కరే. బొంగురు గొంతు. ఇసుక మీద పడవను లాగితే వచ్చే చప్పుడులాంటి గొంతు.

ఆ గొంతుకే మా అత్త, అంటే మావాడి నాన్నమ్మ, పడిపోయింది. వాళ్లది భావనపాడు. మావ సముద్రం మీద వేటకు వెళ్లేవారు, ఆవిడ ఒడ్డున వేలంపాటలో చేపలు కొని, తట్ట నెత్తిన పెట్టుకుని ఊళ్లు తిరిగి అమ్మేది. మావ పోయాక మేము ఆవిడను విజయనగరం తీసుకొచ్చాం. వచ్చిన కొత్తలో ఆవిడకు ఈ ఊరు బొత్తిగా నచ్చలేదు. సముద్రం హోరు లేకపోతే నిద్రెలా పడుతుందని నన్ను నిలదీసేది, నేనేదో దాచిపెట్టినట్టు. ఒకనాడు సాయంత్రం పిల్లాడికి అన్నం తినిపిస్తూ టీవీ పెట్టాను. బాతు వాగులో పడింది, తేలింది, అరిచింది. వంటింటి గుమ్మంలో కూర్చున్న మా అత్త ఉలిక్కిపడి లేచి వచ్చింది. "ఓలమ్మో! ఈ బాతుగాడు అచ్చం మీ మావలాగే అరుస్తన్నాడే!" అంది. మా ఆయన కూడా ఒక్క క్షణం విని, "అవునే అమ్మా" అని నవ్వేశాడు. నిజంగానే అలాగే ఉంది. గాలికి ఎదురు అరిచి అరిచి మావకు గొంతు అలా జీరబోయింది. చీకటి వేళ పడవలు తిరిగొస్తుంటే, "ముందు ఆయన గొంతొచ్చేది, తరవాత పడవొచ్చేది" అని అత్త ఎప్పుడూ చెప్పేది. ఒకసారి అలలకు పడవ తిరగబడితే, నిలువెల్లా తడిసి ఒడ్డుకొచ్చి, ఏడుస్తున్న పెళ్లాన్ని చూసి ఆయన అన్న మొదటి మాట, "కూడు వండేవా నేదా?" అనట. అటువంటి మనిషి. ఆయన గొంతు మా దగ్గర ఎక్కడా లేదు. ఒక్క ఫొటో ఉంది. అందులో నోరు మూసుకుని ఉన్నారు. ఆయన బతుకులో అలా నోరు మూసుకున్నది ఆ ఒక్కసారేనని అత్త అంటుంది.

అది మొదలు ఆవిడ బాతుగాడిని ఒక్కరోజు వదల్లేదు. కొత్త సీజన్ వస్తే దాన్ని కొత్త తట్ట అనేది. "కొత్త తట్ట దిగినాదా?" అని పిల్లాడిని అడిగేది. దిగిన రోజున టీవీకి మూరెడు దూరంలో పీట వేసుకుని కూర్చునేది. చేపల పాటలో తట్ట ముందు కూర్చున్నట్టే కూర్చునేది, అదే మొహం, అదే అనుమానం. మేమందరం వెనక నిలబడేవాళ్లం. అయిపోయేదాకా ఎవరూ నోరు మెదపకూడదు. పిల్లాడు ఉండబట్టలేక, "నాన్నమ్మా, ఎలా ఉంది?" అనేవాడు. "ఉండరా, మొప్ప ఎత్తి సూడనీ" అనేది. చేప తాజాదో కాదో మొప్ప ఎత్తి చూసి చెప్పే మనిషికి బొమ్మలో మొప్ప ఎక్కడుందో మాకు తెలిసేది కాదు. కానీ ఆవిడకు తెలిసేది. ఒక ఏడాది బాతును పట్నం తీసుకెళ్లి, కళ్లద్దాలు పెట్టి, కంప్యూటరు ముందు కూర్చోబెట్టారు. రంగులు ధగధగలాడాయి. మా అత్త పెదవి విరిచింది. "పొలుసు మెరుస్తన్నాది గానీ మొప్ప తెల్లబడిపోనాది. ఐసులో ఎట్టిన సరుకురా ఇది" అని తేల్చేసింది. పిల్లాడు వెళ్లి వీధిలో పిల్లలందరికీ అదే చెప్పొచ్చాడు, ఆ ఏడాది మా వీధిలో ఎవరూ బాతును పెద్దగా పట్టించుకోలేదు. ఆవిడ మాత్రం చూసింది. ఐసు సరుకైనా గొంతు తాజాదేనంది.

పోయిన వానాకాలంలో ఆవిడ స్నానాల గదిలో జారి పడింది. తుంటి విరిగింది. ఆపరేషన్ అయ్యాక, తింటేనే ఎముక బలపడుతుందని డాక్టరు గట్టిగా చెప్పారు. తినడం ఒక్కటే ఆవిడ చెయ్యదు. పొద్దున ఇడ్లీ వద్దంటుంది, మధ్యాహ్నం రెండు ముద్దలు కెలికి పక్కన పెడుతుంది. నేను బతిమాలి, గదమాయించి, ఏడ్చి కూడా చూశాను. చివరికి దొరికిన ఉపాయం బాతుగాడే. సాయంత్రం కుర్చీలో వీపుకు దిండు పెట్టి కూర్చోబెట్టి, టీవీ పెట్టి, గిన్నెడు చోడి అంబలి, అంటే రాగి జావ, చేతికిస్తే, బాతు నీళ్లలో పడి తేలేలోపు గిన్నె ఖాళీ అయ్యేది. ఒకప్పుడు మావాడికి ఎలా తినిపించానో, ఇప్పుడు వాడి నాన్నమ్మకు అలాగే తినిపిస్తున్నాను. పైగా పక్కనే నా మనవరాలు పాలన్నం గిన్నెతో. ఆ గిన్నెడు అంబలే ఆవిడకు ఆధారం. అందుకే కొత్త సీజన్ వస్తోందని ప్రకటన చూసినప్పుడు అందరికంటే ముందు సంతోషించింది నేనే. ఇంకో ఏడాదికి భరోసా అనుకున్నాను. నా తెలివి తెల్లారినట్టే ఉంది.

కొత్త తట్ట దిగింది. బాతు చెరువులో పడింది, తేలింది, టోపీ పిండింది. నోరు తెరిచింది. చీరల దుకాణం గుమ్మంలో నిలబడి "రండి మేడమ్" అని పిలిచే కుర్రాడి గొంతు వచ్చింది. నున్నగా, తియ్యగా. నా చేతిలో గరిటె అలాగే ఆగిపోయింది. అత్త వైపు చూడటానికి భయమేసింది. ఆవిడ కాసేపు తల పక్కకు వంచి విని, "ఒలే కోడలా, ఆడికి జలుబు సేసినట్టున్నాది" అంది. నేనేం చెయ్యను? "అవునత్తా, జలుబే" అన్నాను. "పోన్లే, రేపటికి తగ్గిపోతాది" అని అంబలి గిన్నె పక్కన పెట్టేసింది.

మర్నాడు కూడా జలుబు తగ్గలేదు. ఆ మర్నాడూ తగ్గలేదు. "సొంటి కసాయం ఎవులూ కాసివ్వనేదేటి ఆడికి?" అని ఆవిడ రోజూ బాధపడేది. గిన్నె రోజూ అలాగే వెనక్కి వచ్చేది. మేము ఊరుకోలేదు లెండి. మా ఆయన కేబులాయనకు ఫోను చేసి దెబ్బలాడాడు. అతను ఓపిగ్గా విని, "అయ్యగారూ, నేను వైర్లు ఏస్తాను గానీ గొంతులు ఎయ్యను కదండీ" అన్నాడు. మావాడు చానల్ వాళ్లకు రాశాడు, మీ అభిప్రాయం మాకు ఎంతో విలువైనదని జవాబొచ్చింది. పాతాయన మానేశాడో, మాన్పించారో, అసలు ఉన్నాడో లేడో ఎవరికీ తెలియదు. చివర్లో పేర్లు పడతాయి గానీ చదివేలోపు ప్రకటన వచ్చేస్తుంది. కొత్తవి రాగానే తెలుగులో పాతవన్నీ తీసేశారట. మావాడు ఫోనులో ఎంత వెతికినా పాతవి హిందీలోనే దొరికాయి. సరే, అదీ చూద్దామని నాన్నమ్మ ముందు పెట్టాడు. బాతు హిందీలో అరిచింది. మా అత్త ఫోను వాడి చేతికి తిరిగి ఇచ్చేసింది. "మీ తాతకి హిందీ రాదురా" అంది. మా ఆయన లేచి పెరట్లోకి వెళ్లిపోయాడు.

నా అబద్ధం ఎంతోకాలం నిలబడలేదు. ఒక సాయంత్రం అత్త మళ్లీ సొంటి మాట ఎత్తేసరికి, మనవరాలు పాలన్నం నోట్లో పెట్టుకునే, "జలుబు కాదు తాతమ్మా, ఈ అంకుల్ వేరే. నాన్న చెప్పాడు" అనేసింది. నాకు ఆ పిల్ల నోరు మూయాలనిపించింది, ఆలస్యమైపోయింది. అత్త నా వైపు తిరిగి, "మరి ఆడేడే?" అని అడిగింది. అంబలి చల్లారిపోయిందని, వేడిచేసి తెస్తానని వంటింట్లోకి వెళ్లి అక్కడే నిలబడిపోయాను.

అప్పుడు ఆవిడే ఒక మార్గం కనిపెట్టింది. "గొంతు తీసీ, బొమ్మ ఉండనీ" అంది. సౌండు తీసేశాను. బాతు మూగగా నడిచింది, మూగగా నీళ్ల గుంటలో పడింది. అది తేలి నోరు తెరవగానే మా అత్త పెదవులు కూడా కదిలాయి. ఆవిడకు ఏ గొంతు వినబడిందో నేను వేరే చెప్పక్కర్లేదు. చెంచా దానంతట అదే నోటికి వెళ్లింది. నేను మా ఊరి అమ్మవారికి మొక్కుకోబోతున్నాను, ఇంతలో మనవరాలు రాగం ఎత్తుకుంది. "నా బాతు మాట్లాడట్లేదూ!" అని. దానికి ఆ కొత్త గొంతంటే ప్రాణం. బడిలో కూడా అలాగే అరుస్తోందని టీచరమ్మ ఫిర్యాదు. సౌండు పెడితే అత్త గిన్నె దించేస్తుంది, తీస్తే చిన్నది గిన్నె తోసేస్తుంది. మధ్యలో రిమోటు పట్టుకుని నేను. పెడతాను, తీస్తాను. ఇద్దరూ ఆకలితో ఉన్నవాళ్లే, ఇద్దరికీ నేను పెట్టవలసినదాన్నే, ఒకరి నోట్లో ముద్ద పెట్టాలంటే రెండోవారి నోటి దగ్గరిది లాక్కోవాలి. వేరే గదిలో ఫోను పెడతానంటే చిన్నది ఒప్పుకోదు, తాతమ్మ పక్కనే చూడాలట. దానికి మాత్రం ఏం తెలుసు? రోజూ అక్కడే కదా చూసింది.

నిన్న సాయంత్రం మళ్లీ అదే గొడవ. సౌండు తీసి ఉంది. చిన్నది ఏడ్చి ఏడ్చి ఎక్కిళ్లు పెడుతోంది. దాన్ని చూసి అత్త గిన్నె ఒళ్లో పెట్టుకుంది. "ఒలే కోడలా, ఆ మీట కాడ నువ్వేటి అలా నలిగిపోతన్నావు? గొంతు పెట్టీ" అంది.

"నువ్వు తినవు కదత్తా" అన్నాను.

"తింతాన్లే. మనకే ఇది కొత్త గొంతు. దానికి ఇదే పాత గొంతు అయిపోతాది. ఏడిపించీకు."

సౌండు పెట్టాను. బాతు ఏట్లో పడింది, తేలింది, ఆ చీరల దుకాణం గొంతుతో అరిచింది. దానితోపాటు నా మనవరాలు కూడా, చెంపల మీద తడి ఆరకుండానే, చేతులు పైకెత్తి అరిచింది. అత్త బాతును చూడలేదు, ఆ పిల్ల నోటినే చూస్తూ కూర్చుంది. ఎలా ఉందత్తా అని అడగబోయి ఊరుకున్నాను. ఇన్నేళ్లలో ఆవిడ మొప్ప ఎత్తి చూడకుండా ఒప్పుకున్న తట్ట ఇదొక్కటే. గిన్నెలో సగం తింది. మిగతా సగం తినిపించడం నా వల్ల కాలేదు, ఇవాళ కూడా కాలేదు, రేపు అవుతుందన్న నమ్మకమూ లేదు. గిన్నె కడుగుతుంటే హాల్లోంచి ఆ చిన్నదాని గొంతు వినబడుతూనే ఉంది, "తడిశానంతే, మునగలేదు!" అని. అది ముసలిదై, ఎవరి ఇంట్లోనో కుర్చీలో దిండుకు ఆనుకుని కూర్చుని, ఇదే గొంతు కోసం చెవులు రిక్కించే రోజు ఒకటి వస్తుంది. ఆనాటికి దీన్నీ మార్చేసేవాడు ఈపాటికి ఎక్కడో పుట్టే ఉంటాడు.