మాబు మామ గొట్టంలో మూడు బంతులు

మా చిన్నప్పుడు టెన్నిస్ బంతి చచ్చిపోతే ఎవరూ పారేసేవాళ్లు కాదు... మాబు మామ దగ్గరికి పట్టుకుపోయేవాళ్లం.

జమ్మలమడుగు పక్కన మా ఊరు. మామది సైకిల్ షాపు. ప్రొద్దుటూరు నుంచి తెచ్చుకున్న బంతి నెల తిరిగేసరికి మెత్తబడేది. నేలకేసి కొడితే మోకాలు దాకా కూడా లేచేది కాదు. మామ ఒక బోరు పైపు ముక్కకు ఒక పక్క మూత అతికించి, రెండో పక్క మర మూతకు సైకిల్ ట్యూబు వాల్వు బిగించాడు. మూడు బంతులు లోపలేసి, పంపుతో గాలి కొట్టి మూసిపెట్టాలి.

"పదైదు దినాలు ముట్టుకోగాకండి. సుట్టూ గాలి బిర్రుగా ఉంటే బంతి లోపలికీ ఎక్కుతాది," అనేవాడు. నిజంగానే ఎగిరేవి!

ఒక ఏడు ఎలక్షన్ల గొడవలు... మా వీధి ఒక పార్టీ, మామ షాపు వీధి ఇంకో పార్టీ. అటు పోవద్దన్నా పోయేవాణ్ణి. పెద్ద పిల్లలు మూత తీసి గాలి పోగొడతారని, గొట్టాన్ని గోనెసంచిలో చుట్టి షాపు వెనక గడ్డివామిలో దాచాను. నేనే... మామకు కూడా చెప్పలేదు.

వారానికి పోలీసులు బాంబుల కోసం వాములన్నీ పొడిచి వెతికారు. రెండు పక్కలా మూతలున్న గొట్టం దొరికింది. ఇంకేముంది, బాంబే అన్నారు!

"పిల్లోళ్ల బంతులు సార్, గాలి పడతాండాం," అన్నాడు మామ.

"ఏ పిల్లోళ్లు? సూపీ," అన్నాడు పోలీసాయన.

మేము జేజి అని పిలిచే నాయనమ్మ పక్కన జనంలో నేనున్నాను. జేజి నా చెయ్యి పిసికింది. "నోరెత్తినావంటే సంపుతా. ఆ వీధోని కోసం నువ్వు సాచ్చెం చెప్తే రేపు మీ నాయన్ను బతకనిస్తారా?"

మామ నా వైపు చూశాడు... చూసి, తల తిప్పుకున్నాడు. "ఎవురూ లేరులే సార్," అన్నాడు. జీపెక్కించారు.

మూడో రోజు వదిలారు. స్టేషన్లో మూత తీస్తే బంతులే దొర్లాయట. అప్పటికే కొట్టాల్సినంతా కొట్టారు. కుడిచేతి వేళ్లు మళ్లీ ముడుచుకోలేదు, పంపు పట్టుకోవడానికి రాలేదు. షాపు మూసేసి పులివెందులలో కూతురి దగ్గరికి పోతూ, బడి దగ్గర నన్ను పిలిచి ఎడమచేత్తో ఆ గొట్టంలోని బంతి ఒకటి నేలకేసి కొట్టాడు.

"సూడప్పా, ఎట్లెగురుతాందో! తీసుకో, ఆడుకో పో."

బంతి తీసుకుని పరిగెత్తాను.

ఇప్పుడు మా పిల్లలు బంతి మెత్తబడితే డబ్బాలోంచి కొత్తది తీస్తారు. ఊళ్లో గొడవలూ సద్దుమణిగాయి, ఆ వీధి వాళ్లూ ఈ వీధి వాళ్లూ ఒకే అరుగు మీద కూర్చుంటున్నారు...

మీ ఊళ్లో కూడా చచ్చిన బంతికి ప్రాణం పోసిన మామ ఉంటే ఆయన గురించి రాయండి. కాదు... ముందు పోయి ఆయన్ను చూసి రండి. గొట్టం దాచింది నేనే మామా అని చెప్పడానికి నేను పులివెందుల పోయేసరికి, మామ లేడు.