అత్త గోడలో చుక్కలు

నేను చెప్పే అబద్ధాలను జనం ఇట్టే నమ్ముతారు. ఇబ్బందంతా నిజాలతోనే. నెల్లిమర్లలో జూట్ మిల్లు దగ్గర టీ కొట్టులో కూర్చుని ఒకసారి, మిల్లు సైరన్ మోగినప్పుడల్లా చంపావతి నదిలో చేపలు షిఫ్టు మారతాయని చెప్పాను. పొద్దుటి చేపలు దిగువకు, మధ్యాహ్నం చేపలు ఎగువకు. పక్క బెంచీ ఆయన గ్లాసు కింద పెట్టి, "అందుకే కావాల, మా బావమరిదికి పొద్దున్నపూట ఒక్కటీ పడదు" అన్నాడు. అదే ఊపులో నువ్వేం పని చేస్తావని అడిగాడు. ఉన్నదున్నట్టు చెప్పాను.

"వంపులకి పటం గీస్తానండి. ఆ పటంలో ఒక్కో చుక్కా ఒక్కో వంపు."

"ఇది మరీ ఎక్కువైపోనాది బాబూ" అని చేపలను నమ్మిన పెద్దమనిషి లేచి వెళ్ళిపోయాడు.

కానీ నా బతుకుతెరువు అదే. విజయనగరంలో ఒక కాలేజీలో లెక్కలు చెబుతాను. మిగిలిన వేళల్లో బీజీయ వక్రాల మాడ్యులై స్పేసుల మీద పరిశోధన చేస్తాను. పేరు చూసి జడుసుకోకండి. ఊరి పటంలో చుక్క పెడితే అది ఒక ఇల్లు. నా పటంలో చుక్క పెడితే అది ఒక సమీకరణం నుంచి పుట్టిన వంపు, దాని చిల్లులతో సహా. పక్క చుక్కకు జరిగితే అదే వంపు రవ్వంత మారి కనిపిస్తుంది. అలా జరుగుతూ జరుగుతూ పటం అంచుకు చేరితే ఏమవుతుంది? ఆ ప్రశ్న పట్టుకునే జుట్టు సగం పోగొట్టుకున్నాను. మిగతా సగం వయసు పట్టుకుపోయింది.

మా ఇంట్లో పటాల పిచ్చి ఇంకొకరికి కూడా ఉంది. మా మేనత్త కూతురు. నాకు మరదలు. శ్రీకాకుళంలో జంతుశాస్త్రం చెబుతుంది. రెండు జిల్లాల్లో ఏ ఈగ ఎక్కడ ఉంటోందో పటం చేస్తోంది. తుట్టె పెట్టి తేనె దాచే ఈగలు కావవి. ఎవరి గూడు వాళ్ళది, ఎవరి సంసారం వాళ్ళది. గోడల్లో, గట్లలో, ఎండు కొమ్మల్లో కాపురముండే ఒంటరి తేనెటీగలు. ఆమె కళింగపట్నం ఇసుకలో గూళ్ళ కోసం మోకాళ్ళ మీద పాకుతూ ఉంటే, చేపలు ఎండేసే ఆడవాళ్ళు ఉంగరం పోయిందనుకుని తామూ వెతికిపెట్టారట.

ఆ పటం చూసి ఒకసారి అడిగాను. "ఏమే, మన గరివిడి వైపంతా ఖాళీగా ఉందేం? ఇక్కడ ఈగలు లేవా?"

"ఈగలున్నాయి బావా. చూసినవాళ్ళు లేరు" అంది. "ఇది ఈగల పటం అనుకుంటున్నావు. నిజానికి నేను తిరిగిన దారుల పటం."

ఆ మాట చాలా రోజులు నన్ను వదల్లేదు.

ఆ ఖాళీలో పెట్టాల్సిన చుక్క చివరికి ఆమె పుట్టింట్లోనే దొరికింది. గరివిడికి అవతల పల్లెలో మా అత్త పశువులశాల మట్టిగోడకు పెన్సిలు దూరేంత బొక్కలున్నాయి. వాటిలోకి ఒక ఈగ వెళ్ళి రావడం మరదలు చూసింది. నీలి చారల ఈగలు ఆమెకు తెలిసినవే. దీని పొట్ట మీద చారలు మాత్రం తోమని రాగి చెంబు రంగు. ఫోటో తీస్తే తోక ఒక్కటే పడింది. మళ్ళీ వెళ్ళేసరికి తల్లి ఈగల కాలం తీరిపోయింది. లోపల మట్టి గదుల్లో పిల్లలు మిగిలాయి. అవి పెరిగి బయటికొస్తేనే ఏ జాతో తేలుతుంది. ఆ సీజనంతా తిరిగినా ఇలాంటి గూడు ఆమెకు ఇంకెక్కడా కనిపించలేదు.

సరిగ్గా అప్పుడే ఊళ్ళో అమ్మవారి పండగ వచ్చింది. ఘటం వీధివీధికీ తిరుగుతుంది. ఘటం వచ్చేలోగా ప్రతి గోడా మెత్తుకోవాలి. పాత గోడ అమ్మవారి కంట పడకూడదు. మరదలు ఫోన్ చేసి రమ్మంటే వెళ్ళాను. అప్పటికే అత్త చీర ఎగ్గట్టి, పేడా ఊకా కలిపిన ఎర్రమట్టిని కాళ్ళతో తొక్కుతోంది.

"అమ్మా, లోపల పిల్లలున్నాయే. మెత్తేస్తే సచ్చిపోతాయి" అంటోంది మరదలు. పుట్టింటి గడపలో కాలు పెట్టగానే దాని 'చ'లన్నీ 'స'లైపోతాయి.

"గోడ బొక్కలతో ఉంటే ఊరు నన్నేటంటాది? దీనికి సేతులు పడిపోనాయి అనదా?"

"నీ వంగ పువ్వుని పట్టుకుని ఊపి, పుప్పొడి రాలగొట్టేది ఈ ఈగలేనే. అవి లేకపోతే నీకు వంకాయల్లేవు."

"వంకాయలకి నీళ్ళు మోసింది నాను. నీ ఈగ ఒక్క బిందె మోసిందేటి?"

నాకు ఒక అనుమానం వచ్చింది. "మట్టిలో పుట్టినవే కదా, కొత్త మట్టిని తవ్వుకుని రాలేవా?"

"రావచ్చు, రాకపోవచ్చు. నాకు తెలీదు బావా" అని మరదలు నా చెయ్యి పట్టుకుని గడ్డివాము పక్కకు లాక్కెళ్ళింది. "నా దగ్గరున్నది ఒక్కటే గోడ. దాంతో పందెం కాయమంటావేటి? ఇన్నాళ్ళూ ఆడిన అబద్ధాలు ఎందుకు? ఒకటి తియ్యి, పనికొచ్చేది."

తీశాను.

"అత్తా, కళింగపట్నంలో ఒకాయన ఇలాగే ఈగల గోడ మెత్తీసినాడు. ఈగలు బయటికి రాలేక లోపలే ఝుమ్మని ఊపడం మొదలెట్టినాయి. ఆ ఊపుకి గోడ రోజుకి జానెడు జరిగీది. ఇల్లు ఇసకలో నడుసుకుంటా ఎల్లిపోనాది. ఒక పొద్దున్న ఆయన తలుపు తీసి కాలు బయటెట్టేసరికి వంశధార!"

అత్త మట్టిలోనే నిలబడి, డొక్కలు పట్టుకుని నవ్వింది. "ఒరే, ఈ గోడని గరివిడి టేసన్ కాడికి నడవమనురా. నాకు ఆటో తిప్పలు తప్పుతాయి." మళ్ళీ తొక్కడం మొదలుపెట్టింది. మరదలు నన్ను చూసిన చూపు ఇక్కడ రాయను.

తొక్కుతూనే అత్త అడిగింది. "అది సరే గానీ, ఆ కాలేజీలో కూకుని నువ్వు సేసేదేటిరా? ఇన్నేళ్ళయినాది, నాకు తెలీదు."

కొత్త అబద్ధమేదీ తట్టలేదు. అందుకని నిజం చెప్పాను. సున్నం చిప్ప తీసుకుని అరుగు మీద గుండ్రంగా ఒక గీత గీశాను. దాని మీద చుక్కలు పెట్టాను. "ఇదొక వంపు. దాని మీద చుక్కలు. ఈ చుక్కలు అటూ ఇటూ జరుగుతా ఉంటాయి. జరిగినప్పుడల్లా ఇంకో బొమ్మ. అలాటి బొమ్మలన్నీ కలిపి ఒక పటం."

"రెండు సుక్కలు దగ్గరికొచ్చేస్తే?" అంది అత్త.

టీ కొట్టులోగానీ పెళ్ళిళ్ళలోగానీ నా పని గురించి అప్పటిదాకా ఎవరూ రెండో ప్రశ్న వెయ్యలేదు.

"రానివ్వమత్తా. గుద్దుకుంటాయనగా అక్కడ కొత్తగా ఒక చిన్న బుడిపె పుట్టిస్తాం. రెండు చుక్కల్నీ దాని మీద ఎడంగా కూసోబెడతాం. ఆ బుడిపె పాత వంపుకి ఒక్క చోటే అంటుకుని ఉంటాది." గీసి చూపించాను.

"కలిసిపోతే ఏటైపోతాది?"

"ఒకటి మాయమైపోతాది. ఉండేదో లేదో తెలీకుండా పోతాది."

అత్త కాళ్ళు ఆగాయి. అరుగు మీద బొమ్మను ఒకసారి, గోడను ఒకసారి చూసింది. గోడ మీద ఒక మూల రెండు బొక్కలు కవలపిల్లల్లా ఆనుకుని ఉన్నాయి.

"నమ్మను" అంది. "గానీ బొమ్మ బాగున్నాది."

ఆ మధ్యాహ్నమంతా అత్త గోడ మెత్తింది. బొక్క వచ్చిన చోటల్లా అరచెయ్యి ఆపి, వేలి కొసతో చుట్టూ మట్టి సర్దింది. ఆరాక ఒక్కో బొక్క చుట్టూ సున్నంతో సున్నా చుట్టింది. కవల బొక్కలకు మాత్రం నేను గీసినట్టే బుడిపె తీసి, దాన్ని పెద్ద మెలికకు తగిలించింది. గోడంతా ముగ్గైపోయింది. మరదలు పక్కన నిలబడి సున్నం అందిస్తూ పోయింది. మాట్లాడితే తల్లి మనసు మారుతుందేమోనని భయం.

ఘటంతో వచ్చిన ఆడవాళ్ళు ఆ గోడ ముందు ఆగారు. "ఓలమ్మ! ఇది ఏ ఊరి ముగ్గే?" అని ఒకావిడ నోరు నొక్కుకుంది. అత్త నా వైపు చూడకుండా, "మా అల్లుడు కాలేజీలో సెప్తాడు" అంది.

అక్కడితో ఆగితే బాగుండేది. మర్నాటికి వీధిలో పచ్చి ఆరని ప్రతి గోడకూ పెన్సిళ్ళతో పొడిచి బొక్కలు పెట్టి, చుట్టూ సున్నాలు చుట్టేశారు. మరదలు వీధి మొదట్లో నిలబడి తల పట్టుకుంది. "బావా, ఇందులో ఏది ఈగ బొక్కో, ఏది పెన్సిలు బొక్కో రేపొచ్చినవాడికి ఎలా తెలుస్తుంది? నీ నిజం కంటే నీ అబద్ధాలే నయం."

ఆ తర్వాత ఎదురుచూపులు. మరదలు సెలవున్నన్నాళ్ళూ ముక్కాలిపీట వేసుకుని గోడ ముందు కూర్చుంది. ఒక్క ఈగా రాలేదు. పచ్చిమట్టి చెమ్మకు లోపల చచ్చిపోయాయేమోనని పైకి అనలేదు కానీ, అన్నం సగంలో వదిలేసి లేచిపోయేది. సెలవు అయిపోయాక ముఖం వేలాడేసుకుని శ్రీకాకుళం బస్సెక్కింది.

నేను తరగతిలో ఉండగా ఒక ఉదయం అత్త ఫోన్ చేసింది. అత్త ఫోన్‌లో మాట్లాడితే ఫోన్ అక్కర్లేదు. పిల్లలందరూ విన్నారు.

"ఒరే! కవల బొక్కల్లో ఒకదాంట్లోంచి ఈగొచ్చినాది. పట్టుకునీలోపు ఎగిరిపోనాది. అదే బొక్కలోంచి ఇంకోటి తల బయటెట్టినాది. టీ వడకట్టీదుంది కదా, అది బోర్లించీసినాను. గింజుకుంటన్నాది. నీ మరదల్ని బేగి రమ్మను!"

నేను వెళ్ళేసరికి మరదలు వచ్చేసి గోడ దగ్గర ఉంది. టీ జల్లెడ కింద ఈగను గాజు సీసాలోకి పంపి, వెలుగుకు పెట్టి చూస్తోంది. రాగి చారలు. కొత్త రెక్కలు ఇంకా నలిగే ఉన్నాయి. ఫోటోలు తీసింది, లెన్సుతో చూసింది, మళ్ళీ తీసింది. ఏ జాతో వెంటనే చెప్పలేనంది. జాతులు తేల్చే పెద్దవాళ్ళకు ఫోటోలు పంపాలంది. ఆ మాట అంటూ నవ్వింది. ఆమె నవ్వగా చూసి చాలా రోజులైంది. తర్వాత సీసా మూత తీస్తే ఈగ వంగ మడి మీదుగా పోయింది.

లాప్‌టాప్‌లో పటం తెరిచి, గరివిడి అవతల ఖాళీలో చుక్క పెట్టింది. అత్త వంగి చూసింది.

"ఒకటే ఎట్టినావేటే? వచ్చినవి రెండు కదా?"

"సోటుకి ఒక సుక్కేనమ్మా. లోపల గదులు వేరైనా గుమ్మం ఒకటే కదా."

అత్తకు నచ్చలేదు. నా వైపు తిరిగింది. "నీ పటంలో అయితేనో?"

"నా పటంలో రెండూ ఉంటాయత్తా. దగ్గరికెళ్ళి సూస్తే ఒక్క సుక్కనుకున్న చోటే బుడిపె, దాని మీద రెండూ..."

"అబద్ధాలకోరు సచ్చినోడా" అని, టీ పెట్టడానికి ఆ జల్లెడ కడుక్కుంటూ లోపలికి పోయింది.