ఏ డ్యూటీలో ఉన్నప్పుడు?

గోల్‌మురిలో మా ఫ్యాక్టరీ క్వార్టర్ల ఆడవాళ్లం కొందరం స్పోకెన్ ఇంగ్లీష్ క్లాసుకి వెళ్తున్నాం. మొన్న మేడమ్ ‘క్యారెక్టరైజ్’ అంటే మనిషి గుణాలు చెప్పడమని హిందీలో వివరించి, మా ఆయన్ని అలా క్యారెక్టరైజ్ చెయ్యమని నన్ను లేపారు.

మాట అర్థమైంది. కానీ ఓ సందేహం వచ్చింది.

“ఆయన ఏ డ్యూటీలో ఉన్నప్పుడు, మేడమ్?” అన్నాను.

అందరూ నవ్వారు. నేను తమాషాకి అనలేదు. పొద్దుటి డ్యూటీ వారం ఆయన జోకులేస్తారు. మధ్యాహ్నం డ్యూటీ అయితే నోరు విప్పరు. నైట్ డ్యూటీ వారం పగలు గరిటె చప్పుడైనా మండిపడతారు. ఇందులో ఏ మనిషి గురించి చెప్పను? తికమకపడి, సిగ్గుతో కూర్చుండిపోయాను.

ఇంటికొచ్చి, డ్యూటీకి బయల్దేరుతున్న ఆయన్నే అడిగాను.

“ఏటండీ, అసలు మీరెలాటోరు?”

ఆయన బూటు లేసు బిగించి లేచారు.

“నాకేటి తెల్సు? రిటైరైతే తెలుత్తాదేమో!” అని బండి తీశారు.

ఇన్నేళ్లూ నేనెవరితో కాపురం చేస్తున్నానో మా ఇద్దరికీ తెలియదని అప్పుడే తెలిసింది.