సాహిబాబాద్‌లో సూర్యుణ్ణి ఆపినవాడు

1997 నవరాత్రుల్లో, ఢిల్లీ పక్క ఘజియాబాద్ జిల్లా సాహిబాబాద్‌లోని ఒక కేబుళ్ళ ఫ్యాక్టరీ మేడ మీద, నరసాపురం యేసుదానం నడినెత్తి సూర్యుణ్ణి ఆపేశాడు. సరే, ఆపలేదు. కాస్త పక్కకు జరగమన్నాడు. సూర్యుడు జరిగిన మాట మాత్రం నిజం.

అప్పట్లో దానం ఢిల్లీ సాకేత్‌లోని ఒక చిన్న కంపెనీ తరఫున ఉపగ్రహం లైన్లు అమ్మేవాడు. మేడ మీద పెద్ద డిష్ పెడితే ఫ్యాక్టరీ నుంచి కాన్పూరు బ్రాంచితో నేరుగా ఫోన్లో మాట్లాడుకోవచ్చు. కార్డు మీద బిజినెస్ డెవలప్‌మెంట్ అని ఉండేది. చేసే పనల్లా, కంటికి కనిపించనిదాన్ని నమ్మమని జనాన్ని బతిమాలడం. చర్చిలో పెరిగినవాడికి అది కొత్తేమీ కాదు. కాకపోతే అక్కడ ఎవరూ డెమో అడగరు.

ఈ ఆర్డరు రాకపోతే ఢిల్లీ ఆఫీసు మూసేస్తారు. దానం ఉద్యోగమూ పోతుంది.

ఫ్యాక్టరీ యజమాని దశరథ్ డెమోకు పంతులుచేత అభిజిత్ ముహూర్తం పెట్టించాడు. మిట్టమధ్యాహ్నం. వినగానే దానం క్యాలెండరు తీసి తేదీలు లెక్కపెట్టాడు. ఏటా రెండుసార్లు, కొన్ని రోజులపాటు, సూర్యుడు సరిగ్గా ఉపగ్రహం వెనక్కి వస్తాడు. సూర్యుడి నుంచి వచ్చే రేడియో హోరులో ఉపగ్రహం మాట వినబడదు. కొద్ది నిమిషాలు లైను పోతుంది. పంతులు ఎంచిన వేళ సరిగ్గా అదే.

“వేరే టైం అడుగుదాం సార్,” అన్నాడు దానం, తన మేనేజరు పద్మనాభంతో.

“ముహూర్తం మార్చమంటే మనల్నే మార్చేస్తాడయ్యా. లైను పోతే కరెంటు పోయిందని చెప్పు. ఘజియాబాద్‌లో ఎవడు కాదంటాడు?”

ఇంట్లో భార్య ఫ్లోరాకు చెప్పుకున్నాడు. ఆమె ఆసుపత్రిలో నర్సు.

“చెప్పకుండా సూది పొడిస్తే వార్డంతా అదిరేలా అరుత్తారండీ. నొప్పి పుడతాదని చెప్తే ఆళ్ళే చెయ్యి చాపుతారు.”

“నా పేషెంటు పారిపోతే?”

“నా జీతం ఉంది కదా. అన్నం తినండి.”

ఆ రోజు మేడ మీద డిష్ లోపల నడిమధ్య బొట్టు పెట్టి, కొబ్బరికాయ కొట్టి, పొడుగు వైరుతో ఫోను పైకి తెచ్చారు. దశరథ్ రిసీవరెత్తగానే కాన్పూరు గొంతు పక్క గదిలోంచి వచ్చినట్టు వినిపించింది. అక్కడితో ఊరుకోవచ్చు. కరెంటు మాట దానం నాలుక చివరే ఉంది.

“సేఠ్‌జీ, ఇంకాసేపట్లో లైను పోతుంది. సూర్యుడు కాస్త పక్కకు జరిగాక మళ్ళీ వస్తుంది,” అనేశాడు హిందీలో.

పద్మనాభం ముఖం మాడిపోయింది. దానం డిష్ లోపలికి చూపించాడు. డిష్ ముందు చువ్వల మీద బిగించిన, సిగ్నల్ పట్టే కొమ్ము నీడ మెల్లగా నడిమధ్యకు పాకుతోంది. అది బొట్టు మీదికి రాగానే ఫోన్లో హోరు మొదలైంది. తర్వాత మాటే లేదు. దానం ఆ నీడనే చూస్తూ నిలబడ్డాడు. లైను తిరిగి రాకపోతే? తను నమ్మమన్నదాన్ని తనెంతవరకు నమ్మాడో ఆ కాసేపట్లో అతనికి తెలిసింది.

నీడ బొట్టు దాటింది. “హలో! హలో సేఠ్‌జీ!” అంది కాన్పూరు.

దశరథ్ పడీపడీ నవ్వాడు. “అరే దానం బాబూ, సూరజ్ భీ తుమ్హారా నౌకర్ హై క్యా?” అని, సూర్యుడు కూడా నీ నౌకరేనా అన్నట్టు వీపు తట్టి, నీకంటే ముందొచ్చినవాళ్ళంతా లైను ఎప్పటికీ పోదన్నారని చెప్పి, ఆర్డరు ఇచ్చేశాడు.

కొన్నాళ్ళకు మేనేజరై పద్మనాభం కుర్చీలో దానమే కూర్చున్నాడు. ఒక ఆదివారం చర్చి బయట, అక్కడికొచ్చే కుర్రాడు రూబెన్ అడిగాడు, “అంకుల్, నిజంగా సూర్యుణ్ణి జరిపారా?”

“సూర్యుడేంటి, నీడేంటి! నేనసలు ఆ మేడే ఎక్కలేదు,” అన్నాడు యేసుదానం. “అయినా, మా లైను ఎప్పుడు పోయిందయ్యా?”