ఎడమకు తిరిగిన నత్త

పని చేతికి అబ్బకముందే పేరు రావాలని తొందరపడే వయసు ఒకటుంటుంది. నాకది పదిహేడో ఏట వచ్చింది. అప్పట్లో రాంగోపాల్‌పేట్ సందులో మా మేనమామకు చెక్క బ్లాకుల దుకాణం ఉండేది. పెళ్ళిపత్రికల మీది వినాయకుడు, సోడా సీసాల మీది సింహం, అన్నీ ఆయన ఉలి కింద పుట్టినవే. చెక్క మీద బొమ్మను తిరగేసి చెక్కితేనే కాగితం మీద సరిగ్గా పడుతుంది కాబట్టి మా దుకాణంలో అందరికీ ప్రతిదాన్నీ తిరగేసి చూడటమే అలవాటు. (మామ కొత్త చొక్కా కొన్నా ముందు లోపలివైపే చూసేవాడు.) నా పని బ్లాకులకు అంటిన సిరా తుడవడం. నా ఆశ మాత్రం చెక్కే బల్ల ముందు కూర్చోవడం. నాకు అక్షరం రాదు గానీ గీత వచ్చు. చాలా రోజులు వెంటపడితే మామ దిగివచ్చాడు. "ఒక్క బ్లాకు ఇస్త. ఖరాబు చేసినవనుకో పిల్లా, ఇంట్ల కూసొని మీ అమ్మతోని అగరుబత్తీలు చుట్టుడే" అన్నాడు.

ఆ ఒక్క బ్లాకు నత్త రూపంలో వచ్చింది. కాలేజీలో జంతుశాస్త్రం చెప్పే సారు ఒకాయన, కోస్తా నుంచి వచ్చి చిలకలగూడలో స్థిరపడినాయన, చెరువుల్లోని జీవాల మీద పుస్తకం రాస్తున్నాడు. ఫొటోలో కన్నా చెక్కిన బొమ్మలోనే గీతలు తేటగా కనిపిస్తాయని మా దగ్గరికి వచ్చాడు. ప్రాణమున్నదాన్ని చూసే గీయాలని టిఫిన్ డబ్బాలో ఒక పెద్ద నత్తను తెచ్చిచ్చాడు. నత్త నెమ్మదైనదని లోకమంతా అనుకుంటుంది. నేను నాలుగు గీతలు గీసి తలెత్తేసరికి అది డబ్బా దాటి, తడి ఆరని పెళ్ళిపత్రిక మీదుగా, పెళ్ళికొడుకు పేరు తొక్కుకుంటూ పోతోంది. (అది వదిలిన మెరిసే చారను మామ కొత్త డిజైనని చెప్పి గట్టెక్కాడు. మిగతా పత్రికలకూ అదే కావాలని పెళ్ళివారు పట్టుబట్టారు.)

మామ పద్ధతేమిటంటే, ఉన్నదున్నట్టు పలచటి కాగితం మీద గీసి, ఆ కాగితాన్ని చెక్క మీద బోర్లించి రుద్దడం. అలా చేస్తే బొమ్మ దానంతటదే తిరగబడుతుంది. కానీ నాకు భయంతో జాగ్రత్త ఎక్కువైంది. తిరగేసే గీద్దామని నత్త పక్కన అద్దం పెట్టి, అద్దంలో నత్తను చూసి గీశాను. ఆ సంగతి మామకు చెప్పాను కూడా. ఆయన రేడియోలో క్రికెట్ వింటూ "ఊఁ" అని, అలవాటు కొద్దీ కాగితాన్ని బోర్లించి చెక్క మీద రుద్ది ఇచ్చాడు. నేను మూడు రోజులు ఊపిరి బిగబట్టి చెక్కాను. పుస్తకానికి కావలసినన్ని కాగితాలూ అచ్చయిపోయాయి.

సారు వచ్చి కాగితం చేతిలోకి తీసుకుని, తల ఒకసారి అటు వంచి, ఒకసారి ఇటు వంచి, చివరికి కుర్చీ అడిగి కూర్చున్నాడు. ఈ జాతి నత్త చిప్ప కుడివైపు తిరుగుతుందట. అద్దంలో ఒకసారి, మామ చేతిలో ఇంకోసారి తిరగబడి, మాది ఎడమకు తిరిగింది.

"నత్త నత్తనే గద సారూ. ఎటు తిరిగితే ఏంది?" అన్నాడు మామ.

"మీ గుండె తీసి కుడివైపు పెడితే ఊరుకుంటారా అండీ? ఎడమకు తిరిగింది నేనింతవరకూ ఒక్కటి కూడా చూళ్ళేదు" అన్నాడు సారు.

మామ నావైపు చూశాడు. నాకు అగరుబత్తీల వాసన వచ్చేసింది. కానీ సారు మాటల్లో ఒక్కటి పట్టుకున్నాను. ఆయన ఇంతవరకు చూడలేదంటే, ఎక్కడో ఒకటి ఉండవచ్చు. అలాంటిదొకటి తెచ్చి చూపిస్తే నా బొమ్మ తప్పు కాకుండా పోతుంది.

ఆదివారం అత్తను బతిమాలి మల్కాజ్‌గిరి వైపు చెరువుకు తీసుకుపోయాను. చీరలు ఎగదోపుకుని, మోకాలి లోతు బురదలో దిగి, దొరికిన ప్రతి నత్తనూ తిప్పి తిప్పి చూశాం. గట్టు మీద బట్టలుతికే ఆడవాళ్ళు, ఏం పోగొట్టుకున్నారని అడిగితే, నత్త అన్నాం. బకెట్టు నిండా ఉన్నాయి కదా అంటే, అవి కావన్నాం. ఆ తర్వాత వాళ్ళు మాతో మాట్లాడలేదు. పొద్దు వాలేసరికి అత్త నడుము పట్టుకుని గట్టెక్కింది. "గిన్ని నత్తలల్ల ఒక్కటన్న మన మాట వింటలేదే" అంది.

మర్నాడు బకెట్టు తీసుకెళ్ళి సారు ముందు పెట్టి, అద్దంలో చూసి గీశాననీ, ఇవన్నీ కుడివేననీ ఒప్పుకున్నాను. సారు బకెట్టులోకి, నా గోళ్ళలోని బురదకేసి చూసి చాలాసేపు నవ్వాడు. పూర్వం దొరల దేశంలో పెద్ద పెద్ద పుస్తకాలకు చెక్కినవాళ్ళు కూడా గవ్వలను, నత్తలను కంటికి కనిపించినట్టే చెక్కి ఎడమకు తిప్పేశారట. "వాళ్ళెవరూ చెరువులో దిగి వెతకలేదమ్మాయ్. ఇంకోటి చెక్కు. ఈసారి ఆ అద్దం ఇంట్లో పెట్టి రా" అన్నాడు.

చెక్కాను. సరిగ్గా వచ్చింది, నా బల్ల నాకు దక్కింది. (ఎడమ నత్తలన్నీ మా సందులో మిర్చి బజ్జీలకు పొట్లాలయ్యాయి.) పుస్తకం వచ్చాక నా బొమ్మ కింద ఏముందని మామను అడిగాను. ఆయన కాసేపు కళ్ళద్దాలు తుడుచుకుని, "నీ పేరే" అన్నాడు. పెళ్ళయ్యాక మా ఆయనను అడిగితే, ఆయన కాస్త దగ్గి, అవునన్నారు. ఇక ఇంటికి వచ్చిన ప్రతి చుట్టానికీ చాయ్‌తో పాటు ఆ పేజీ చూపించాను. అందరూ మర్యాదస్తులే, మంచిగ ఉందన్నారు.

ఈ మధ్య, అరవై దాటాక, మా కాలనీలో మధ్యాహ్నం పూట జరిగే తరగతికి వెళ్ళి అక్షరాలు నేర్చుకున్నాను. మొదట తీసింది ఆ పుస్తకమే. వేలు పెట్టి కూడబలుక్కుని చదివాను. "ఆడ నత్త. మగదానికన్న ఉబ్బెత్తుగా ఉండును."

మా ఆయన ముందు ఆ పేజీ పెట్టాను. ఆయన పేపర్లోంచి తలెత్తలేదు. "పెండ్లిల మీ మామ నా చెయ్యి పట్టుకొని చెప్పిండు. ఎవరడిగినా గట్లనే చెప్పాలన్నడు" అన్నారు.

అద్దం సంగతి నేను చెప్పినా వినలేదని మామ ఎన్నడూ ఒప్పుకోలేదు. ఒప్పుకోవలసిందంతా ఆ ఒక్క అబద్ధంలో పెట్టి పోయాడు కాబోలు. కోపం తెచ్చుకుందామనుకున్నాను గానీ బురదలో నడుము పట్టుకున్న అత్త గుర్తొచ్చి నవ్వొచ్చింది. పెన్ను తీసుకుని నత్త కింద నా పేరు నేనే రాశాను. అక్షరాలు కాస్త ఉబ్బెత్తుగా వచ్చాయి.