పువ్వు ఇవ్వని కరామత్

ఇరాన్‌లోని షీరాజ్‌లో కరామత్ ఆగా పెరట్లో ఏటా చలికాలం దుంపల నుంచి మూడు నాలుగు వందల నర్గిస్ పూలు పూసేవి. వాటిలో ఒక్కటంటే ఒక్కటి ఎవరి చేతికీ ఇచ్చిన పాపాన పోలేదాయన.

వాసన చూడటానికి మాత్రం ఎవరైనా రావచ్చు. తలుపు తీసి పెట్టేవాడు, టీ పోయించేవాడు, చక్కెర పలుకులు కూడా పెట్టించేవాడు. అయితే ముప్పై ఏళ్ళు సిటీ బస్సు నడిపిన మనిషి కనక ఇంటికొచ్చిన చుట్టాలకీ ప్రయాణికులకీ పెద్ద తేడా చూసేవాడు కాదు.

"చేతులు వెనక్కి కట్టుకోండి. వంగండి. చూశారుగా? ఇక ముందుకు జరగండి, వెనకవాళ్ళకి చోటివ్వండి. ఖానుమ్, మీరు రెండోసారి చూస్తున్నారు, నేను గమనిస్తూనే ఉన్నాను."

పూలు కొయ్యకపోవడానికి ఆయన దగ్గర ఒకటే జవాబు. "కోస్తే మూడు రోజులు. ఉంచితే మూడు వారాలు. లెక్కలు రానివాళ్ళు బజార్లో కొనుక్కోవచ్చు."

ఆ బజారుకి ఆయన భార్య ఎఫ్ఫత్ కూడా మినహాయింపు కాదు. ఆవిడ పుట్టినరోజు సరిగ్గా నర్గిస్ పూలు విరగబూసే రోజుల్లోనే వస్తుంది. కరామత్ పొద్దున్నే లేచి, సొంత పెరట్లో నాలుగు వందల పూల మధ్యనుంచి జాగ్రత్తగా నడిచి, వీధి చివర సిగ్నల్ దగ్గర పూలమ్మేవాడితో గట్టిగా బేరమాడి, ఒక గుత్తి కొనుక్కొచ్చి ఆవిడ చేతిలో పెట్టేవాడు.

"ఇది వాసన రావట్లేదు," అనేది ఎఫ్ఫత్.

"బజారు పువ్వు మరి. వాసన కావాలంటే పెరట్లోకి రా."

కూతురి పెళ్ళిచూపులప్పుడైతే సంబంధం తప్పిపోయినంత పనయింది. అబ్బాయి తల్లి వెళ్ళబోతూ పెరట్లో ఆగి, "ఎంత బాగున్నాయో. ఒక్క రెమ్మ ఇస్తే తలలో పెట్టుకుంటాను," అంది. ఇంటిల్లిపాదీ ఊపిరి బిగబట్టారు.

కరామత్ గుండె మీద చెయ్యి వేసుకుని, తలవంచి, మహా మర్యాదగా అన్నాడు. "నా కూతుర్ని తీసుకెళ్ళండి, ఖానుమ్. పువ్వుని మాత్రం అడక్కండి."

ఆవిడ హాస్యమనుకుని పగలబడి నవ్వింది. పెళ్ళయిన రెండేళ్ళకి గానీ ఆవిడకి అది హాస్యం కాదని తెలియలేదు. ప్రతి చలికాలం వచ్చి అడిగింది మరి.

ఈ కథలన్నీ ఊరంతా తిప్పి చెప్పే బాధ్యత నౌజర్‌ది. నౌజర్ కరామత్‌కి తోడల్లుడు. ఎఫ్ఫత్ చెల్లెలు తాహెరేని చేసుకున్నాడు. బడిలో ముప్పై ఏళ్ళు భూగోళం చెప్పాడు. కరామత్‌లాంటి పిసినారి భూగోళం మీద మరొకడు లేడని, ఆ విషయంలో తన మాటకి తిరుగులేదని అనేవాడు. ఆయన అనుకరించి చూపించే "ముందుకు జరగండి" చూడటానికి చుట్టాలు పనిగట్టుకుని వచ్చేవాళ్ళు.

అలాంటివాడు ఉద్యోగం అయిపోగానే ఒక్కసారిగా నీరుగారిపోయాడు. పొద్దున్న లేచి పైజామాతోనే కుర్చీలో కూర్చుని, ఎదురుగా గోడ మీది దేశపటం చూస్తూ ఉండేవాడు. మధ్యాహ్నం అన్నం పెడితే తినేవాడు, మళ్ళీ దేశపటం. కరామత్‌ని అనుకరించడం కూడా మానేశాడు. అప్పుడు భయపడింది తాహెరే.

ఆ చలికాలం కరామత్ పెరట్లో తనూ చేతులు వెనక్కి కట్టుకుని వంగినప్పుడు, ఎందుకో నౌజర్‌కి రోషం పొడుచుకొచ్చింది.

"ఇదేమన్నా బ్రహ్మవిద్యా? నేనూ పెంచుతాను. పెంచి ఊరందరికీ పంచుతాను. మీ ముందే పంచుతాను," అన్నాడు.

కరామత్ ఆయన్ని ఎగాదిగా చూశాడు. "నీకు పార ఏ వైపు పట్టుకోవాలో తెలుసా?"

"పుస్తకం చదువుతాను."

చదివాడు. శరదృతువు రాగానే నలభై దుంపలు తెచ్చి, నారింజ చెట్టు పక్కన మడి కట్టి పాతాడు. పొద్దునా సాయంత్రం నీళ్ళు పెట్టాడు. తరవాత ఏటా వెళ్ళినట్టే భార్యతో కలిసి పది రోజులు సముద్రం ఒడ్డున బూషెహర్‌లో కూతురింటికి వెళ్ళొచ్చాడు. ఇంటి తాళం కరామత్ దగ్గర ఉంచి వెళ్ళాడు. అది కూడా ఏటా జరిగేదే.

పూశాయి. ఒకటీ అరా కాదు, మడి నిండా. తెల్లటి రేకులు, మధ్యలో పసుప్పచ్చటి గిన్నెలు, గేటు దాకా వాసన. నౌజర్ పైజామా విప్పి సూటు వేసుకున్నాడు. కత్తెర పట్టుకుని ఆకులతో సహా కోసి, రొట్టెల కొట్టువాడికి ఒక గుత్తి, మందుల షాపాయనకి ఒక గుత్తి, పక్కింటి ముసలావిడకి రెండు గుత్తులు పంచాడు. ప్రతి శుక్రవారం తప్పకుండా ఒక పెద్ద గుత్తి కరామత్ ఇంటికి తనే స్వయంగా మోసుకెళ్ళేవాడు.

"ఎఫ్ఫత్ ఖానుమ్, ఇవి మీకు. ఈ ఇంట్లో ఎలాగూ దొరకవుగా."

కరామత్ ఆ గుత్తి వైపు చూసి ఒక కన్ను మూసేవాడు, పంటినొప్పి వచ్చినవాడిలా. తరవాత వంగి వాసన చూసి, "కాస్త తక్కువ," అనేవాడు. నౌజర్‌కి అదే ఆనందం. కుళ్ళుకుంటున్నాడు, కుళ్ళుకోనీ.

ఐదేళ్ళు ఇలాగే గడిచాయి. నౌజర్ ఇప్పుడు వీధిలో పూలపెంపకం మీద సలహాలు కూడా ఇచ్చేవాడు. "ఎండాకాలం బాగా తడపాలి. దుంపకి దాహం ఎక్కువ," అని చెప్పేవాడు. ఆయన సలహా విన్న ముగ్గురి మళ్ళలోనూ ఒక్క మొక్కా మిగల్లేదు. వాళ్ళకి చేతి చలవ లేదని నౌజర్ జాలిపడేవాడు.

ఆరో ఏడు తాహెరే మోకాలినొప్పి అని చెప్పి బూషెహర్ రానంది. నౌజర్ ఒక్కడే వెళ్ళాడు. అక్కడ ఉక్కపోత భరించలేక నాలుగో రోజే, రెండు కిలోల రొయ్యలు కట్టించుకుని బస్సెక్కాడు. మధ్యాహ్నానికి ఇంటికొచ్చేసరికి గేటు ఓరగా తీసి ఉంది. లోపల మాటలు వినిపిస్తున్నాయి.

ప్యాంటు మోకాళ్ళ దాకా మడిచి, మడిలో గొంతుక్కూర్చుని ఉన్నాడు కరామత్. పక్కన బుట్ట నిండా దుంపలు. తాహెరే టీ పళ్ళెం పట్టుకుని, ఏ మోకాలూ నొప్పి లేకుండా నిటారుగా నిలబడి ఉంది.

"ఈసారీ అన్నీ కుళ్ళిపోయాయా బావగారూ?"

"కుళ్ళక ఏం చేస్తాయి? ఎండాకాలం నిద్రపోయే దుంపలకి వరిమడికి పెట్టినట్టు నీళ్ళు పెడతాడు. అయినా ఇది నయం. మొదటి ఏడాదైతే నలభైకి నలభై తలకిందులుగా పాతాడు."

"ఆ మాట ఆయనతో చెప్పొచ్చుగా."

"చెబితే మానేస్తాడు. మానేస్తే మళ్ళీ పైజామా తొడుక్కుని దేశపటం ముందు కూర్చుంటాడు. నిన్నెవరు చూస్తారు అప్పుడు?" కరామత్ ఒక దుంపని అరచేతిలో పెట్టుకుని, మట్టి దులిపి, గుంటలో నిలబెట్టాడు. "ఇది మా పెరట్లో కిటికీ కింది దుంప. మంచి జాతి."

"మీరింత కష్టపడితే ఆయన కోసి ఊరంతా పంచుతాడు. మీకు బాధ లేదూ?"

"లేకేం? శుక్రవారం ఆ గుత్తి మా ఇంటికొచ్చినప్పుడల్లా రక్తపోటు పెరుగుతుంది. అవి నా పూలు, తాహెరే. ఒక్కొక్కటీ గుర్తుపడతాను." ఇంకో గుంట తవ్వుతూ అన్నాడు. "పంచనీ. బండి కదులుతోందిగా, చాలు."

నౌజర్ గేటు దగ్గర నుంచి అలాగే వెనక్కి అడుగులు వేశాడు. చప్పుడు కాకుండా వీధిలోకొచ్చి, ఎటో తెలియకుండా నడవడం మొదలుపెట్టాడు. ముప్పై ఏళ్ళు పిల్లలకి భూమి గురించి పాఠాలు చెప్పినవాడికి, ఆ భూమిలో దుంప తల ఎటో కాలు ఎటో తెలియలేదు. పిసినారి అని తను ఊరంతా చాటిన మనిషి, పువ్వు ఇవ్వలేదు నిజమే, ఏటా మొక్కకి మొక్కే తవ్వి తెచ్చి ఇచ్చాడు. తనేమో ఆయన పూలే కోసి, ఆయన ఇంటికే తీసుకెళ్ళి, ఆయన్నే దెప్పాడు. తలుచుకుంటే ఒళ్ళంతా వేడెక్కింది. కాసేపటికి నవ్వొచ్చింది. రెండు గంటలు తిరిగాడు. మూడో సందు దగ్గర్నుంచి ఐదు పిల్లులు కూడా ఆయనతోపాటే తిరిగాయి, రొయ్యల కోసం.

ఇంటికొచ్చేసరికి మడి చదునుగా ఉంది. తాహెరే మోకాలికి గుడ్డ కట్టుకుని కూర్చుని ఉంది.

"అప్పుడే వచ్చేశారేం?"

"ఉక్కపోత," అన్నాడు నౌజర్. రొయ్యల పొట్లం ఆవిడ చేతిలో పెట్టాడు.

చలికాలం వచ్చింది. పూలు పూశాయి. మొదటి శుక్రవారం భోజనానికి కరామత్, ఎఫ్ఫత్, మరో పదిమంది చుట్టాలు వచ్చారు. క్యాబేజీ పులావు తిని అందరూ పెరట్లోకి నడిచారు. కరామత్ చేతులు వెనక్కి కట్టుకుని వంగి, ఒక కన్ను మూసి, ఎప్పటి తీర్పే చెప్పాడు.

"బాగానే ఉన్నాయి. వాసన కాస్త తక్కువ."

నౌజర్ గొంతు సవరించుకున్నాడు. థాంక్స్ చెప్పడానికి నెల రోజులుగా మాటలు వెతుకుతున్నాడు. చెబితే గుట్టు రట్టవుతుంది. అందుకని చుట్టుదారి పట్టాడు.

"నిజమే, కరామత్ ఆగా. మీ పూల ముందు ఇవెంత? నాకు తెలిసింది తక్కువ. మీ దగ్గర ఇంకా చాలా నేర్చుకోవాలి."

కరామత్ గబుక్కున నిటారుగా లేచాడు. దగ్గరికొచ్చి నౌజర్ నుదుటి మీద చెయ్యి వేశాడు.

"తాహెరే, ఇతను రాత్రి నిద్రపోయాడా?"

"బాగానే నిద్రపోయాడే."

"ఎడమ చెయ్యి లాగుతోందా, నౌజర్? నాలుక చూపించు. ఎవరైనా ఆ రక్తపోటు మిషను తీసుకురండి."

"నాకేం లేదండీ, మనస్ఫూర్తిగా అంటున్నాను."

"చూశారా, మనస్ఫూర్తిగా అంటున్నాడు," అన్నాడు కరామత్ చుట్టాల వైపు తిరిగి, గొంతు తగ్గించి. ఇద్దరు బావమరుదులు చెరో రెక్కా పట్టుకుని నౌజర్‌ని లోపలికి తీసుకెళ్ళి పడుకోబెట్టారు.

మర్నాడు పొద్దున్నే తలుపు చప్పుడైంది. న్యూస్‌పేపర్లో చుట్టిన గుత్తి ఒకటి గుండెకి హత్తుకుని కరామత్ లోపలికొచ్చాడు. ముఖం పాలిపోయి ఉంది. వెనకాల ఎఫ్ఫత్ ముసుగు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వు ఆపుకుంటోంది.

"నలభై రెండేళ్ళ కాపురంలో నాకోసం కత్తెర పట్టలేదు," అంది చెల్లెలితో. "ఇవాళ తెల్లారగట్ల లేచి ఆ పూల ముందు అరగంట నిలబడ్డాడు. కోసేటప్పుడు కళ్ళు మూసుకున్నాడు."

"నువ్వు ఊరుకో," అన్నాడు కరామత్. గుత్తిని నౌజర్ దిండు పక్కన పెట్టి, కాగితం విప్పి, కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. "ఇరవై పూలు. అన్నీ కిటికీ వైపువే. వాసన చూడు. చేతులు వెనక్కి అక్కర్లేదు."

నౌజర్ చూశాడు. నాకు ఒంట్లో శుభ్రంగా ఉందని చెప్పడానికి నోరు తెరిచి, ఆ పాలిపోయిన ముఖం చూసి, మళ్ళీ మూసుకున్నాడు. మనిషి ఇంత చేశాక జబ్బు లేదనడం మర్యాద కాదు.

రెండు రోజులు మంచం దిగలేదు. ఎఫ్ఫత్ చేసి పంపిన ఆష్ అనే చిక్కటి పప్పు సూపు గిన్నెలకి గిన్నెలు తాగాడు. మూడోరోజు పొద్దున్న కరామత్ వచ్చి, నాడి పట్టుకుని, "ఇప్పుడెలా ఉంది?" అనడిగాడు.

నౌజర్ దుప్పటి గడ్డం దాకా లాక్కున్నాడు.

"ఎక్కువ మాట్లాడితే ఆయాసంగా ఉంది. ఆ పూలు మాత్రం, అన్నగారూ, అవి వాసన బాగానే వస్తున్నాయి."

"బాగానే ఏమిటి? షీరాజ్‌లో అలాంటి వాసన మరెక్కడా లేదు," అన్నాడు కరామత్.

"నాకైతే కాస్త తక్కువే అనిపిస్తోంది."

కరామత్ చెయ్యి వదిలేసి, వెనక్కి వాలి, మూడు రోజుల తరవాత మొదటిసారి హాయిగా ఊపిరి పీల్చుకున్నాడు.

"తాహెరే, టీ పెట్టమ్మా. కోలుకున్నాడు."